ఇంటికి తాళం వేసి ఊరెళ్లే ముందు: అక్వేరియం చేపల మేతకు ఏర్పాట్లు

సంక్రాంతికి ఊరెళ్లాలన్నా, వేసవి సెలవుల్లో పది రోజులు ఎటైనా తిరిగి రావాలన్నా, అక్వేరియం ఉన్న ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న 'చేపలకు మేత ఎవరు వేస్తారు?' అని. నిజానికి ఆ ప్రశ్న చివర్లో అడగాలి. మనం లేని రోజుల్లో ట్యాంకులో చేపలు పోయేది సాధారణంగా ఆకలితో కాదు. ఎవరో ఎక్కువగా వేసిన మేత కుళ్లి నీళ్లు పాడవడం వల్లో, ఫిల్టర్ ఆగి గాలి అందకపోవడం వల్లో పోతాయి.

చేప తన ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి ఏమీ ఖర్చు పెట్టదు. చుట్టూ ఉన్న నీళ్ల వేడే దాని ఒంటి వేడి. అందుకే ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న చేప చాలా రోజులు మేత లేకుండా ఉండగలదు. గప్పీలు, మోలీలు, టెట్రాలు, ఫైటర్లు, ఏంజెళ్లు వారం రోజులు నిశ్చింతగా ఉంటాయి. బాగా ఎదిగిన ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ రెండు వారాలు కూడా తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్‌కు పొట్ట సంచి ఉండదు కాబట్టి రోజంతా ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. ట్యాంకులో కాస్త హైడ్రిల్లా నాచు వేసి వెళ్తే దానికి వారం గడిచిపోతుంది. సక్కర్ ఫిష్ కోసం కీరదోస ముక్క వేసి వెళ్లే అలవాటు మాత్రం వద్దు. అది ఒక రోజు దాటితే మెత్తబడి కుళ్లుతుంది, తీసేవాళ్లు ఉండరు.

ఈ లెక్క పిల్ల చేపలకు పనికిరాదు. పుట్టి నెల తిరగని గప్పీ, మోలీ పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు మేత కావాలి. వాటిని ఒక చిన్న ట్యాంకులోకి మార్చి, చేపలు పెంచే వాళ్లింట్లో ఉంచి వెళ్లడమే మేలు. జబ్బు చేసి కోలుకుంటున్న చేపలకూ అంతే.

కాబట్టి నాలుగైదు రోజుల ప్రయాణమైతే ఏ ఏర్పాటూ వద్దు, మేత వేయకుండా వెళ్లిపోండి. వారం నుంచి పది రోజులైతే మూడు రోజులకోసారి ఎవరైనా వచ్చి కొంచెం వేస్తే బాగుంటుంది, వేయకపోయినా ప్రమాదం లేదు. పది రోజులు దాటితేనే మనిషో, ఆటో ఫీడరో తప్పనిసరి.

ఎక్కువ వేస్తే ఏమవుతుంది?

రొయ్యల చెరువుల వాళ్లు మేత బరువును, అందులోని మాంసకృత్తుల శాతాన్ని బట్టి అమ్మోనియా ఎంత వస్తుందో లెక్క కడతారు. అదే లెక్కన 40 శాతం మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే సుమారు 35 మిల్లీగ్రాముల అమ్మోనియా పుడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో అటూ ఇటూగా 50 లీటర్ల నీళ్లుంటాయి. ఒక టీస్పూను గుళికలు రెండు, రెండున్నర గ్రాములు తూగుతాయి. అంటే ఒక్క స్పూనుతో లీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాముల అమ్మోనియా. తినకుండా మిగిలి కుళ్లితే ఇంకా ఎక్కువే. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా రోజువారీ మేతకు తగినంతే పెరిగి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా వచ్చిన ఈ భారాన్ని మోయలేదు. నీళ్లు వెచ్చగా ఉండి, పీహెచ్ (నీళ్ల క్షారగుణం) ఎక్కువగా ఉంటే అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. మే నెలలో తలుపులన్నీ మూసిన విశాఖ ఫ్లాట్‌లో సరిగ్గా జరిగేది ఇదే.

మనిషికి అప్పగించేటట్టయితే

మేత డబ్బా చేతికివ్వకండి. పొట్లాలు కట్టివ్వండి. ఒక పూటకు మీరు వేసేదాంట్లో సగం కొలిచి, చిన్న కాగితపు పొట్లంలో పెట్టి, పైన తేదీ రాయండి. మెడికల్ షాపుల్లో వారానికి ఏడు గదులున్న మాత్రల పెట్టె దొరుకుతుంది, అది ఇంకా సుఖం. పది రోజులకు మూడు పొట్లాలు చాలు: మూడో రోజు, ఆరో రోజు, తొమ్మిదో రోజు. ఒక మిల్లీమీటరు గుళికలైతే టెట్రా, గప్పీ లాంటి చిన్న చేపకు రెండేసి చొప్పున లెక్కేయండి. మిగిలిన డబ్బా అల్మరాలో పెట్టి తాళం వేయండి. కనబడితే ఎవరికైనా వేయాలనిపిస్తుంది, ఎందుకంటే మనిషి దగ్గరికి రాగానే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అది ఆకలి కాదు, అలవాటు.

ట్యాంకు అద్దం మీద ఒక కాగితం అంటించండి: 'పిన్నిగారూ, పొట్లం మీద తేదీ చూసి ఒక్కటే వేయండి. చేపలు ఎంత అడిగినా రెండోది వద్దు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకండి. ఏదైనా చేప చచ్చి ఉంటే చిన్న వలతో తీసేసి నాకు ఫోన్ చేయండి.' ఊరెళ్లే ముందు ఒకసారి మీ ఎదురుగానే ఆమెతో మేత వేయించండి. వాచ్‌మన్‌కో, ఎదురింటి పిల్లాడికో అప్పగించినా పద్ధతి ఇదే.

వాళ్లు చేయాల్సిన రెండో పని నీళ్ల మట్టం చూడటం. నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే, వెనక తగిలించే ఫిల్టర్ నీళ్లు లాగలేక ఒట్టిగా తిరిగి మోటారు కాలిపోతుంది. అద్దం మీద మట్టం దగ్గర రంగు టేపు అంటించండి. పక్కన మూత ఉన్న బకెట్‌లో క్లోరిన్ తీసిన నీళ్లు ఉంచండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లయితే సీసా మీద రాసిన మోతాదులో యాంటీ క్లోరిన్ కలిపి పెట్టండి. మట్టం టేపు కిందికి దిగితే ఆ బకెట్‌లోంచి మగ్గుతో పోస్తే చాలు. కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదని గట్టిగా చెప్పండి.

ఆటో ఫీడర్ అయితే

గుండ్రని డబ్బా తిరిగి మేత రాల్చే రకమే ఎక్కువగా దొరుకుతుంది. ఇది మంచి సాధనమే, కానీ మన సముద్రపు గాలిలో దానికి పెద్ద శత్రువు తేమ. ట్యాంకు లోంచి లేచే ఆవిరి డబ్బా కంతలోకి వెళ్లి మేతను ముద్ద చేస్తుంది. అప్పుడు నాలుగు రోజులు ఏమీ రాలదు, అయిదో రోజు గడ్డ మొత్తం ఒకేసారి పడుతుంది. అందుకే ఫీడర్‌ను ఎయిర్ స్టోన్ బుడగలకు, ఫిల్టర్ నీళ్లు పడేచోటుకు దూరంగా, నీళ్లకు కాస్త ఎత్తులో బిగించండి. ఫ్లేక్స్ వద్దు, పొడి అసలే వద్దు. గట్టి చిన్న గుళికలు వేయండి. గాలి గొట్టం తగిలించుకునే చోటున్న మోడలైతే ఎయిర్ పంపు నుంచి ఒక పాయ దానికివ్వండి, లోపల పొడిగా ఉంటుంది.

కొన్న రోజే పెట్టి వెళ్లకండి. కనీసం వారం ముందు తెచ్చి, మొదట తెల్ల కాగితం మీద తిప్పి రాలిన గుళికలు లెక్కపెట్టండి. డబ్బా నిండుగా ఉన్నప్పుడు, సగానికి వచ్చినప్పుడు పడే మోతాదు ఒకలా ఉండదు, రెండూ చూడండి. కంతను అన్నిటికంటే చిన్న మోతాదుకు దించి, రోజుకు ఒక్కసారికే పెట్టండి. తర్వాత నాలుగైదు రోజులు ట్యాంకు మీదే నడిపి, అడుగున గుళికలు మిగులుతున్నాయేమో చూడండి. బయల్దేరే రోజు కొత్త బ్యాటరీలు వేయండి. కరెంటు మీదే నడిచే ఫీడర్లలో కొన్ని కరెంటు పోయి వస్తే టైము మర్చిపోతాయి. మీది ఎలాంటిదో ప్లగ్గు తీసి పెట్టి చూసుకోండి.

సెలవుల మేత దిమ్మలు, అంటే సున్నపు బిళ్లల్లా ఉండి నెమ్మదిగా కరిగేవి, మేము సిఫారసు చేయం. వెచ్చని నీళ్లలో అనుకున్నదానికంటే త్వరగా కరుగుతాయి. చేపలు ముట్టని మేత అడుగున చేరి కుళ్లుతుంది.

మేత కంటే ముందు చూసుకోవాల్సినవి

బయల్దేరడానికి మూడు వారాల ముందు నుంచి కొత్త చేపల్ని తేవద్దు. వాటితో వచ్చిన జబ్బు మీరు లేనప్పుడు బయటపడుతుంది. అయిదారు రోజుల ముందు ఫిల్టర్ స్పాంజిని ట్యాంకు లోంచి తీసిన నీళ్లలోనే పిండి కడగండి. కుళాయి కింద పెడితే మంచి బ్యాక్టీరియా పోతుంది. రెండు మూడు రోజుల ముందు నీళ్లలో నాలుగో వంతు మార్చండి. ఈ రెండు పనులూ ఒకే రోజు చేయొద్దు, బయల్దేరే రోజు అసలే వద్దు. ఏదైనా తేడా వస్తే సరిదిద్దడానికి ఒకటి రెండు రోజులు చేతిలో ఉండాలి. చివరి మేత మామూలుగానే వేయండి, 'వారం ఉండదు కదా' అని రెట్టింపు చేయకండి. లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఆరు గంటలివ్వండి. కిటికీ వెలుతురు వస్తుంటే లైటు లేకపోయినా చేపలకు ఇబ్బంది లేదు.

ఇక కరెంటు. ఊరెళ్లేటప్పుడు మెయిన్ దించేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇన్వర్టర్ ఉంది కదా అని మెయిన్ దించితే బ్యాటరీ అయిపోయేదాకా ఫిల్టర్ తిరిగి, ఆ తర్వాత ఆగిపోతుంది. ట్యాంకున్న గదికి వెళ్లే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఒక్కటి ఉంచి మిగిలినవి దించండి. దాని మీద, ప్లగ్గు స్విచ్ మీద టేపు అంటించి 'ఆపొద్దు' అని రాయండి. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. వెళ్లే ముందు తీసి గరుకు కాగితంతో రుద్ది పెట్టండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకెక్కేలా వేలాడాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు. ఎయిర్ పంపు ట్యాంకు మట్టానికి కింద ఉంటే గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వస్తాయి.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఆ నెలల్లో వెళ్తుంటే కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టి వెళ్లండి. కరెంటు లేనంతకాలం మేత వేయొద్దని కూడా అద్దం మీద అంటించిన కాగితం మీదే రాయండి.

వేసవి సంగతి వేరు. లీటరు నీళ్లలో 25 డిగ్రీల దగ్గర 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే. చేపల అవసరం మాత్రం వేడితో పాటు పెరుగుతుంది. పరదాలు మూసి ఎండ ట్యాంకు మీద పడకుండా చూడండి. వెంటిలేటర్ తెరిచి ఉంచండి, ఫిల్టర్‌తో పాటు ఎయిర్ స్టోన్ కూడా నడవనివ్వండి. చేపలు కిక్కిరిసి ఉంటే కొన్నిటిని ముందే వేరే ట్యాంకుకు మార్చండి.

తిరిగొచ్చాక

ముందు చేపల్ని లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే నాచు వెనక, ఫిల్టర్ కింద వెతకండి. నీళ్లు తేటగా ఉంటే ఆ పూట సగం మేత వేసి, మర్నాడు నాలుగో వంతు నీళ్లు మార్చండి. నీళ్లు పాలలా తెల్లబడి, చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే మేత ఆపి, వెంటనే మూడో వంతు నీళ్లు మార్చి ఎయిర్ స్టోన్ పెంచండి. బయట ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ రోజంతా ఆగి ఉన్నట్టనిపిస్తే స్విచ్ వేయకండి. అందులో నిలిచిపోయిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, అవి ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తాయి. విప్పి ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లతో కడిగి, అప్పుడు నడపండి.