ఈఎస్‌పీ32కి 5 వోల్టుల పార్టులు కలపాలంటే ఏ లెవెల్ షిఫ్టర్ పెట్టాలి

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్ అవుట్‌పుట్ డైరెక్ట్‌గా ఇచ్చి నేను ఒక బోర్డు పోగొట్టుకున్నా, కాబట్టి ముందు సిగ్నల్ ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూసుకోండి, ఏ లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజ్‌ని ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మార్చేది) కొనాలనేది దాన్ని బట్టే ఉంటుంది.

డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ స్ట్రిప్ సంగతే చూడండి. 5 వోల్టుల సప్లై ఇస్తే దాని డేటా పిన్‌కి హై (లాజిక్ 1) అంటే కనీసం 3.5 వోల్టులు కావాలి, మనం ఇచ్చేదేమో 3.3, అందుకే ఒకసారి బానే వెలుగుతుంది, ఇంకోసారి పిచ్చి రంగులు వస్తాయి. దీనికి 74ఏహెచ్‌సీటీ125 (నాలుగు గేట్ల బఫర్ చిప్) పెట్టండి, 5 వోల్టుల పవర్ మీద కూడా ఇన్‌పుట్ 2 వోల్టులు ఉంటే చాలు హై కింద తీసుకుంటుంది. వాడే గేటు ఓఈ (అవుట్‌పుట్ ఎనేబుల్) పిన్‌ని గ్రౌండ్‌కి కలపాలి, గాల్లో వదిలేయొద్దు, చాలామంది ఇక్కడే గంటలు గంటలు వెతుక్కుంటారు.

ఐ2సీ (రెండు వైర్ల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) అయితే డేటా రెండు వైపులా నడుస్తుంది కాబట్టి ఒక్కో లైన్‌కి ఒక బీఎస్ఎస్138 మాస్‌ఫెట్, అటూ ఇటూ 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్ (లైన్‌ని సప్లై వోల్టేజ్ వైపు లాగి ఉంచేది) చాలు. టీఎక్స్‌బీ0108 అనే లెవెల్ షిఫ్టర్ చిప్ మాత్రం ఐ2సీకి అస్సలు వద్దు, దాని అవుట్‌పుట్ వీక్, పుల్‌అప్‌లతో పడదు.

3.3 వోల్టుల వైపు, 5 వోల్టుల వైపు గ్రౌండ్‌లు రెండూ కలిపారా? చిప్ సప్లై పిన్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టేయండి.