అపక్రమ భిన్నాన్ని మిశ్రమ భిన్నంగా మార్చే ముందు జాగ్రత్తలు

ముందుగా లవం హారం కంటే పెద్దదేనా చూడండి. 3/7 లాంటి క్రమ భిన్నాన్ని మార్చే పనే లేదు.

23/5 తీసుకుందాం. 23ని 5తో భాగిస్తే భాగఫలం 4, శేషం 3, కాబట్టి జవాబు 4 3/5. ఇక్కడ చాలామంది తొందరలో శేషాన్ని హారంలో, భాగఫలాన్ని లవంలో పెట్టేస్తారు, దయచేసి కాస్త ఆగి రాయండి: హారం మాత్రం 5 గానే ఉంటుంది, అది అస్సలు మారదు.

క్యాలిక్యులేటర్‌లో 4.6 అని వస్తే ఆ 6 శేషం కాదు! ఈ పొరపాటు నిజంగా చాలా ఎక్కువ, అందుకే భాగహారం చేత్తోనే చేయమంటాను.

శేషం హారానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ వచ్చిందంటే భాగహారం ఇంకా పూర్తి కాలేదన్నమాట. శేషం సున్నా అయితే పూర్ణసంఖ్యే జవాబు, 24/6 అంటే 4, పక్కన 0/6 రాయక్కర్లేదు.

22/6 లాంటివి వస్తే 3 4/6 దగ్గర ఆపేయకండి, సూక్ష్మీకరిస్తే 3 2/3.

రుణ సంఖ్యలతో ఇంకొంచెం జాగ్రత్త. -17/5 అంటే -3 2/5, ఆ మైనస్ 3కీ 2/5కీ రెండింటికీ వర్తిస్తుంది.

మొదటి ఉదాహరణ 23/5ని సరిచూడటానికి 4×5+3 చేయండి, 23 రావాలి. టెన్షన్‌లో ఉన్నా సరే, పరీక్షలో ఈ ఒక్క మెట్టు వదలొద్దు.