సున్నపురాయి వెలుగుతో కొండల వయసు పట్టుకోవడం

ఎలక్ట్రాన్లు తగిలితే సున్నపురాయిలోని ఖనిజం కాల్సైట్ నారింజ రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు వయసు చెప్పదు. వయసు యురేనియం, సీసం నిష్పత్తిలో ఉంటుంది. ఎక్కడ కొలవాలో చూపించడానికే ఈ వెలుగు, అంటే క్యాథోడోల్యూమినెసెన్స్. ఇసుక రేణువుల వెలుగుతోనే వయసు కట్టే ఓఎస్ఎల్ పద్ధతి కొన్ని లక్షల ఏళ్లకే నిండిపోతుంది, కొండల పుట్టుకకు చాలదు.

బెంగళూరు వాళ్లకు కడప బేసిన్ అందుబాటులోనే ఉంది. పడమట పొరలు దాదాపు బల్లపరుపు. నల్లమల వైపు మడతలు. భ్రంశతలం (రాయి విరిగి జారిన తలం) మీద పెరిగిన కాల్సైట్ పీచులు వెతకండి, రాయి జారుతుండగా పెరిగినవి అవే, కాబట్టి వాటి వయసే ఆ కదలిక వయసు. రాయి కదపకముందే తలం స్ట్రైక్ (అది సాగే దిక్కు), డిప్ (వాలు), పీచుల దిశ రాసుకుని, దాని మీద బాణం గీయండి. దుకాణంలో కొన్న కడప బండ వంటగట్టుకే, దాని దిశ ఎవరికీ తెలియదు.

పీచుల వెంబడి, తలానికి నిలువుగా కోయించండి. మామూలు 30 మైక్రాన్ల సెక్షన్‌ను (గాజు మీద అతికించిన పలచటి రాతి ముక్క) వయసు కొలిచే లేజర్ తినేస్తుంది, 100 మైక్రాన్లది అడగండి. కవర్ గ్లాస్ వద్దని చీటీ మీదే రాయండి, లేకపోతే అలవాటుగా అతికించేస్తారు. చివరి పాలిష్ 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో. వానాకాలంలో రాత్రంతా డెసికేటర్‌లో (తేమ లాగే డబ్బా) ఉంచండి. తేమ, సరిగా గట్టిపడని ఎపాక్సీ జిగురు పరికరంలోని వాక్యూమ్‌ను ఊగిస్తాయి, దాంతో కరెంటూ ఊగుతుంది.

ఎలక్ట్రాన్లు చిమ్మే కోల్డ్ క్యాథోడ్ పరికరానికి 15 కిలోవోల్టులు, 300 మైక్రోఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. ముందు మామూలు వెలుతురులో ఫోటో, తర్వాత అదే ఫ్రేమ్ బీమ్ కింద. ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే కాల్సైట్ పాడవుతుంది. నారింజ వెలుగు మాంగనీసుది. చీకటికి మాత్రం రెండు కారణాలు: మాంగనీసు తక్కువ కావచ్చు, ఇనుము ఆర్పేయవచ్చు. మిగిలిన ముక్కకు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపిన పొటాషియం ఫెర్రిసయనైడ్ పూయండి, నీలమైతే ఇనుమే. కొలిచే ముక్కకు మాత్రం పూయకండి. పీచులను అడ్డంగా కోసే మరో రంగు పట్టీ తర్వాత వచ్చిన ద్రవానిది, దాన్ని ఫోటో మీదే విడిగా గుర్తించండి.

లేజర్ చుక్క 100 మైక్రాన్లయితే అంతకన్నా సన్నని పట్టీలు వదిలేయక తప్పదు. సీసం ఐసోటోపులకు నిస్ట్ 614 గాజు, యురేనియం-సీసం నిష్పత్తికి వయసు తెలిసిన డబ్ల్యూసీ-1 కాల్సైట్ (సుమారు 25.4 కోట్ల ఏళ్లు) పోల్చే ప్రమాణాలుగా పెట్టండి, గాజు, కాల్సైట్ లేజర్ కింద ఒకేలా పోవు. ఒక్కో తరానికి (ఒకేసారి పెరిగిన కాల్సైట్‌కు) 40 నుంచి 60 చుక్కలు. టెరా-వాసర్‌బర్గ్ పటంలో (యురేనియం, సీసం నిష్పత్తుల గ్రాఫ్) చుక్కల గుండా గీసిన గీత వయసుల వక్రరేఖను కింద కోసే చోటే వయసు. చుక్కలన్నీ సీసం వైపు మూలన గుమిగూడితే యురేనియం చాలలేదు, వేరే సిర చూడండి. చుక్కలు గీతకు ఎంత చెదిరాయో చెప్పే ఎంఎస్‌డబ్ల్యూడీ 1ని బాగా దాటితే రెండు తరాలు కలిసుండవచ్చు. మళ్లీ ఫోటో తీసి విడగొట్టండి. అందులో తేడా కనబడని చుక్కను, లెక్క కుదరడం లేదని తీసేయకండి.