ఇంటి వెనక నాలుగు జీవాలు – 5వ పాఠం: ఎడమ డొక్క మీద పిడికిలి

కిందటి పాఠంలో ఒక పని చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న గొర్రె నెమరు వేస్తుంటే పక్కన కూర్చుని, ఒక్కో ముద్దని ఎన్నిసార్లు నములుతుందో లెక్కపెట్టి రాసుకోమన్నాను. చేసినవాళ్ళకి 40కీ 60కీ మధ్య ఏదో ఒక అంకె వచ్చి ఉంటుంది. చేయనివాళ్ళు ఇవాళ సాయంత్రం మంద తిరిగొచ్చాక ఒక పది నిమిషాలు కూర్చోండి. ఒంట్లో బాగున్న గొర్రె ఎలా ఉంటుందో తెలియకపోతే బాగాలేనిదాన్ని పోల్చుకోలేం.

ఈసారి కడుపు సంగతి. గొర్రె మేత మానేసిందంటే మన గుంటూరు వైపు ఇళ్ళల్లో ముందు గంజి కాస్తారు. తర్వాత బెల్లం నీళ్ళు కలుపుతారు. అప్పటికీ లేవకపోతే మందుల షాపుకెళ్ళి "గొర్రెకి పొట్ట ఉబ్బిందండీ, ఏదో ఒకటి ఇవ్వండి" అంటారు. పొట్ట ఉబ్బడం అనేది ఒక జబ్బు కాదు. మూడు నాలుగు వేరువేరు జబ్బులు బయటికి అలాగే కనిపిస్తాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి విషమవుతుంది. అందుకే సీసా మూత తీసే ముందు చేత్తో తడిమి చూడాలి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా అదే.

గొర్రెకి ఎడమ పక్కన నిలబడండి. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, నడుముకి కాస్త కిందుగా ఒక పల్లం ఉంటుంది. అదే డొక్క. దాని లోపలే పెద్ద పొట్ట ఉంటుంది. పిడికిలి బిగించి అక్కడ పెట్టి, మెల్లగా లోపలికి నొక్కి, అలాగే ఉంచండి. ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టుకోండి. బాగున్న గొర్రెలో పొట్ట నిమిషానికి ఒకటి రెండు సార్లు అలలాగా లేచి మీ పిడికిలిని బయటికి నెడుతుంది. రెండు నిమిషాల్లో రెండు నుంచి నాలుగు నెట్లు వస్తే పొట్ట పని చేస్తున్నట్టే. ఒక్కటీ రాకపోతే ఆగిపోయినట్టు. మొదటిసారి చేసినప్పుడు గొర్రె ఊపిరిని పొట్ట కదలికనుకుని పొరబడతాం. ఊపిరి పొడుగునా ఒకే తీరున సాగుతుంది. పొట్ట అల మాత్రం ఎప్పుడో ఒకసారి నిదానంగా, బరువుగా వస్తుంది. ఒకసారి తెలిశాక ఇక మర్చిపోరు.

పిడికిలి పెట్టినప్పుడే లోపల ఏముందో కూడా తెలుస్తుంది. బాగున్నదానికి పై భాగం మెత్తగా, కింది భాగం కలిపి పెట్టిన చపాతీ పిండిలా ఉంటుంది. తేడా నాలుగు రకాలుగా ఉండొచ్చు.

డొక్క వెన్నుపూసతో సమానంగానో, ఇంకా పైకో లేచి, వేలితో కొడితే డప్పులా మోగితే అది గాలి. పై దాకా గట్టిగా ఉండి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోతే లోపల మేత గడ్డకట్టినట్టు. వట్టి వరిగడ్డి తిని నీళ్ళు సరిగ్గా తాగని జీవాల్లోనూ, ఊరి చివర చెత్త దగ్గర ప్లాస్టిక్ సంచులు మింగినవాటిలోనూ ఇది చూస్తాం. డొక్క లోపలికి పీక్కుపోయి ఖాళీగా ఉంటే అసలు గొడవ కడుపులో లేకపోవచ్చు. నోట్లో పుండ్లున్నాయా, జ్వరముందా చూడాలి. జ్వరం, ముక్కులో చీమిడి, నోటి పుండ్లు, పారుడు అన్నీ కలిసి కనిపిస్తే దాన్ని వెంటనే మంద నుంచి విడగొట్టి డాక్టరుకి ఫోన్ చేయండి. అలాంటప్పుడు ఇంటి వైద్యం జోలికి పోవద్దు.

నాలుగోది నీళ్ళ కుండ. రెండు చేతులతో డొక్కని కుదిపితే లోపల సగం నిండిన బిందెలా గళగళమంటుంది. దీని గురించే ఎక్కువ చెప్పాలి. మన వైపు దీనివల్ల చాలా జీవాలు పోతున్నాయి, పైగా ఇది చేజేతులా తెచ్చుకునే జబ్బు.

మాది తాడికొండ దగ్గర ఎకరన్నర. పదకొండు జీవాలున్నాయి. ఎక్కువ మాచర్ల రకం, రెండు మాత్రం నెల్లూరు జోడిపి. కొన్నేళ్ళ కిందట మొక్కజొన్న కోతలప్పుడు పక్క చేను వాళ్ళు గింజలు పట్టాల మీద ఆరబోశారు. రాత్రి ఒక గొర్రె తాడు తెంపుకుని వెళ్ళి కడుపారా తినొచ్చింది. పొద్దున చూస్తే హుషారుగానే ఉంది. "పోనీలే, ఒక పూట మేత కలిసొచ్చింది" అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మధ్యాహ్నానికి మందకి దూరంగా వెళ్ళి నిలబడింది. సాయంత్రానికి పళ్ళు పటపట కొరకడం, తూలడం మొదలెట్టింది. పులిసిన వాసనతో పలచటి పారుడు, అందులో అరగని గింజలు.

లోపల జరిగేది ఇదీ. గొర్రె పెద్ద పొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు కోట్లల్లో ఉంటాయి. గడ్డి నిదానంగా పులుస్తుంది. గింజల్లో ఉండేది పిండి పదార్థం. అది ఒక్కసారిగా వచ్చి పడితే వేరే రకం సూక్ష్మజీవులు పెచ్చుపెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. పీహెచ్ అంటే పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. మామూలుగా 6కీ 7కీ మధ్య ఉండే ఆ అంకె 5.5 కన్నా కిందికి జారిపోతుంది. గడ్డిని అరిగించే జీవులు చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగుతుంది. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆ గళగళ శబ్దం ఆ నీళ్ళదే. కళ్ళు లోపలికి గుంటలు పడటమూ అందుకే. మొక్కజొన్నే కానక్కర్లేదు. నూకలు, రేషన్ బియ్యం, జొన్నలు, పెళ్ళింట్లో మిగిలిన అన్నం, దేనితోనైనా ఇదే జరుగుతుంది.

ముందు చెప్పిన గంజి, బెల్లం ఎందుకు పనికిరావో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గంజి పిండి పదార్థమే, బెల్లం అంతకన్నా తొందరగా పులుస్తుంది. మండే పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్టే. దీనికి ఒక మినహాయింపు ఉంది. చూలు గొర్రె, అందులోనూ కడుపులో కవలలున్నది, ఈనే ముందు ఆఖరి ఆరు వారాల్లో మేత మానేస్తే అది గింజల జబ్బు కాకపోవచ్చు. ఒంట్లో చక్కెర చాలక వచ్చే జబ్బు కావచ్చు. దానికి తీపే మందు. కానీ ఆ తేడా తేల్చాల్సింది డాక్టరు. చూలు గొర్రె ఒక రోజు మేత ముట్టకపోయినా ఆగకుండా పిలవండి.

గింజలు తిన్నదని తెలిసిన నిమిషం నుంచి, లక్షణాలు కనపడకపోయినా, తవుడు, గింజ, దాణా అన్నీ తీసేయండి. వరిగడ్డి మాత్రమే వేయండి. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా ఊళ్ళో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి. డాక్టరు వచ్చేలోగా, పొట్ట డప్పులా బిగుసుకుని లేకపోతేనే, వంటసోడా పట్టించవచ్చు. 30 కిలోల గొర్రెకి 15 నుంచి 20 గ్రాములు, అంటే చిన్న చెంచాతో తలకొట్టి మూడు నాలుగు చెంచాలు, అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలపాలి. బిగుసుకున్న పొట్టలో సోడా పోయకూడదు. సోడా ఆమ్లంతో కలిస్తే గ్యాసు పుడుతుంది, బయటికి దారి లేకపోతే ఉబ్బరం పెరుగుతుంది. బాగా ముదిరినదానికి ఈ సోడా చాలదు. సెలైన్, బి1 విటమిన్ ఇంజెక్షన్ లాంటివి కావాలి. అవి మన చేతిలో పని కాదు.

ఇక మందు పట్టించడం. నేను ఆ గొర్రెకి సోడా నీళ్ళు సీసాతో పోశాను. మా తాత వెదురు గొట్టంతో పోసేటప్పుడు తల ఆకాశానికి ఎత్తి పట్టుకోవడం చిన్నప్పుడు చూశాను. నేనూ అలాగే ఎత్తాను. మధ్యలో దగ్గింది. రుచి నచ్చలేదేమో అనుకుని మిగిలింది కూడా పోశాను. రెండో రోజుకి పారుడు తగ్గింది, నెమరు కూడా మొదలైంది. మూడో రోజు ముక్కులోంచి నురగ, ఊపిరిలో గురక. ఐదో రోజు పోయింది. చూసిన డాక్టరు ఒక్కటే మాట అన్నారు: "గింజల నుంచి బయటపడింది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి."

కాబట్టి ఇది నిదానంగా చదవండి. గొర్రెని గోడ మూలకి తీసుకెళ్ళి, వెనక భాగం మూలకి ఆనించి, మీరు దాని మెడకి రెండు పక్కలా కాళ్ళు పెట్టి నిలబడండి. ఎడమ చేయి గడ్డం కింద పెట్టండి. ముక్కు కంటి కన్నా పైకి పోకూడదు. సీసా వద్దు. మందుల షాపులో సూది లేని 50 ఎం.ఎల్. సిరంజి దొరుకుతుంది. నోటి పక్కన ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి కొసని అక్కడి నుంచి లోపలికి పెట్టి, నాలుక మీద కొద్దికొద్దిగా వదలండి. గుటక వేసిందని గొంతు దగ్గర చూసుకున్నాకే మళ్ళీ వదలాలి. నాలుక పట్టుకుని లాగొద్దు. దగ్గిందా, వెంటనే తల వదిలేయండి, వంచుకోనివ్వండి. అర లీటరు పట్టించడానికి పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. పడిపోయి తల నిలపలేని గొర్రెకీ, గుటక వేయనిదానికీ నోటి ద్వారా ఏదీ పోయకూడదు.

గాలి ఉబ్బరానికి దారి వేరు. శీతాకాలం పొద్దున్నే మంచు ఆరకముందు వరి మాగాణుల్లో వేసిన మినుము, పిల్లిపెసర మీద పడి మేసినవాటికి లోపల గ్యాసు నురగలా మారిపోతుంది, త్రేన్పుగా బయటికి రాదు. నురగని విరగ్గొట్టడానికి వేరుశనగ నూనో నువ్వుల నూనో 50, 60 ఎం.ఎల్. ఇంతే నెమ్మదిగా పట్టించాలి. ఊపిరితిత్తుల్లోకి పోతే నూనె నీళ్ళకన్నా ప్రమాదం. ముందు కాళ్ళు ఎత్తుగా ఉండేలా గట్టు మీద నిలబెట్టండి. ఒక వేప పుల్లని కళ్ళెంలా నోట్లో అడ్డంగా కడితే నములుతూ చొంగ కారుస్తుంది, త్రేన్పులు కూడా రావచ్చు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే మాత్రం ఇవన్నీ చేస్తూ కూర్చునే వ్యవధి లేదు. నిమిషాల్లో పోతుంది. డొక్కలో పొడిచి గాలి తీయడం డాక్టరు పని. ఊళ్ళో ఎవరో కత్తి పట్టుకుని వస్తారు, రానివ్వకండి.

గండం గడిచాక సేవ మొదలవుతుంది. చాలామంది ఇక్కడే అశ్రద్ధ చేస్తారు. లేవలేని గొర్రెని ఒక పక్కకి వాలనివ్వకూడదు. పక్కకి వాలితే గ్యాసు పైకి రాదు. రొమ్ము మీద కూర్చున్నట్టు పెట్టి, రెండు పక్కలా ఇసుక నింపిన గోనె సంచులు ఆనించండి. రెండు మూడు గంటలకోసారి కాళ్ళు అటు నుంచి ఇటు మార్చండి. మే నెలలో అయితే రేకుల షెడ్డు కింద కాకుండా చెట్టు నీడన ఉంచండి. మెడ మీద చర్మం చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడతలా నిలిచిందంటే నీరు చాలలేదని. గింజల జబ్బయితే లీటరు నీళ్ళకి అర చెంచా ఉప్పు, అర చెంచా సోడా కలిపి ముందు పెట్టండి. పంచదార కలపొద్దు.

నోరు రుచి పట్టడానికి రావి, మర్రి, మేడి కొమ్మలు తెచ్చి దొడ్డిలో వేలాడదీయండి. దాణా వాసన చూడనివి కూడా కొమ్మని కొరుకుతాయి. ఎందుకో నాకూ తెలియదు. మూడు నాలుగు రోజులు గడ్డి, ఆకు తప్ప ఏమీ వద్దు. తర్వాత గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత దాణాకి తీసుకురండి. గిట్టలు వేడిగా ఉండి కుంటుతుంటే అది కూడా గింజల ప్రభావమే, డాక్టరుకి చెప్పండి.

పొట్ట కదలిక మొదలై కూడా నెమరు సరిగ్గా రాకపోతే లోపల సూక్ష్మజీవులు మళ్ళీ పుట్టాలి. వాటిని ఇంకో గొర్రె నుంచి అరువు తెచ్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే తెలిసిన మటన్ కొట్టుకి ఫ్లాస్కు తీసుకెళ్ళండి. ఆరోగ్యంగా ఉన్న పొట్టేలుని కోసిన వెంటనే పెద్ద పొట్టలోని మేతని శుభ్రమైన గుడ్డలో పిండి, ఆ రసం పావు నుంచి అర లీటరు వెచ్చగా ఉండగానే ఇంటికి తెచ్చి పట్టించాలి. చల్లారితే లోపలివి చచ్చిపోతాయి. కొట్టతను మొదటిసారి మిమ్మల్ని వింతగా చూస్తాడు. రెండోసారి అతనే తీసి పెడతాడు. జబ్బు చేసి కోతకి వచ్చినదాని రసం మాత్రం ఊరికే ఇచ్చినా తేవద్దు.

ఇంకో మాట. గింజలు దొంగతనంగా తిన్నవాటిలోనూ, మందలో బాగా ఎదిగిన పిల్లల్లోనూ చిటుక రోగం (పేగుల్లో సూక్ష్మజీవులు విషం పుట్టించే జబ్బు) ఒక్క పూటలో ప్రాణం తీస్తుంది. దానికి టీకా ముందే, వానలు పడక మునుపే వేయించుకోవాలి. వచ్చాక చేసేదేమీ ఉండదు.

ఈ వారం పని రెండు భాగాలు. ఒకటి, మీ మందలో మూడు జీవాల డొక్క మీద పొద్దున మేతకి పోకముందు, సాయంత్రం వచ్చాక పిడికిలి పెట్టి రెండు నిమిషాల లెక్క రాయండి. మేత తిన్నాక అంకె ఎలా మారుతుందో మీకే కనిపిస్తుంది. రెండు, బాగున్న గొర్రెకి సిరంజితో వట్టి మంచినీళ్ళు 20 ఎం.ఎల్. పైన చెప్పినట్టు పట్టించండి. దగ్గకుండా తాగిందాకా రోజుకొకసారి చేయండి.

వచ్చే పాఠంలో కంటి కింది రెప్ప తిప్పి రక్తం తగ్గిందో లేదో చూడటం, పొట్ట పురుగులు. పగటి వెలుగులో చూడాలి కాబట్టి మధ్యాహ్నం ఒక అరగంట ఖాళీ పెట్టుకోండి.