మామ్మ వాటా తేలాలంటే ఏ చట్టం చూడాలి: చేను కాగితాలు తీసేవాళ్ళకి

మా కోనసీమలో పాత పొలం తగాదా ఏదొచ్చినా "సెంట్రల్ చట్టం ఉందిగదండీ, ఇంక స్టేట్‌ది ఏం చెల్లుద్ది" అనేస్తారు. అది సగమే నిజం. 1937 నుంచి 1956 దాకా ఉన్న కాగితాల్లో ఆ మాట నమ్ముకుంటే మామ్మ వాటా లెక్క తప్పిపోద్ది.

ముందు తాతగారు పోయిన తేదీ పట్టుకోండి, రిజిస్ట్రేషన్ తేదీ కాదు. ఆయన పోయిన రోజున ఏ చట్టం అమల్లో ఉందో అదే వారసులెవరో తేలుస్తుంది.

తర్వాత చేనా, ఇల్లా అన్నది విడదీయండి, అసలు చిక్కంతా ఇక్కడే. 1937లో ఢిల్లీలో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం చేశారు, కొడుకులున్నా సరే భర్త పోయినావిడకి బతికున్నంతకాలం అనుభవించేలా వాటా ఇచ్చారు, కానీ 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా యాక్ట్ ప్రకారం పొలం వారసత్వం ప్రావిన్సుల చేతిలో ఉంది, అందుకని 1941లో ఫెడరల్ కోర్టు ఈ చట్టం మద్రాసు లాంటి గవర్నర్ల ప్రావిన్సుల్లో వ్యవసాయ భూమికి వర్తించదని చెప్పేసింది. అంటే మామ్మకి పెంకుటింట్లో వాటా ఉంది, ఇంటెనకాల వరిచేలో లేదు! ఆ చేలో ఊడ్పులూ కోతలూ చేసింది ఆవిడే అయినా సరే. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుద్ది.

1947లో మద్రాసు ప్రావిన్సు తనే చట్టం చేసి పొలానికీ ఆ హక్కు తెచ్చింది, మనం అప్పుడు మద్రాసులోనేగా. తాతగారు పోయింది ఆ దగ్గర్లో అయితే చట్టం కాపీ తీసి అమలు తేదీ చూడండి, కొన్ని నెలల తేడాకి వాటా ఉంటుంది, పోతుంది.

1950లో రాజ్యాంగం వారసత్వాన్ని పొలంతో సహా ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల విషయాల్లో పెట్టింది, అందుకే పార్లమెంటు 1956 జూన్ 17 నుంచి హిందూ వారసత్వ చట్టం తేగలిగింది. అందులో 14వ సెక్షన్ చదవండి, అప్పటికి మామ్మ చేతిలో ఉన్న పరిమిత హక్కు పూర్తి హక్కయిపోయింది. మనోవర్తి కింద ఇచ్చిన భూమికి బతికున్నంతకాలమే అని కాగితంలో రాసున్నా అంతే, 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పంపకాల దస్తావేజు, అడంగల్ (ఊరి భూమి సాగు లెక్క) మూడూ తీయించి లాయర్ ముందు పెట్టండి.

ఉమ్మడి జాబితా విషయంలో కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఢీకొంటే రాజ్యాంగం 254వ అధికరణం చూడాలి, మామూలుగా పార్లమెంటుదే నెగ్గుద్ది, అదీ ఢీకొన్నంత మేరకే. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రంలో అదే నడుస్తుంది, పార్లమెంటు మళ్ళీ కొత్త చట్టం చేస్తే తప్ప.

యానాం కాగితాలైతే మటుకు ఈ లెక్క పెట్టకండి, 1954 నవంబర్ 1 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ళ పాలనండీ.