పొదుగు చూసి కాదు, మూడు పూటలు పాలు తీసి గేదెను కొనండి

పాలకొల్లు, అమలాపురం వైపు ఏ ఊళ్ళోనైనా ముర్రా గేదె అమ్మకానికి ఉందంటే బేరం రైతు పాకలోనే మొదలుపెట్టండి. సంతలో కనిపించే నిండు పొదుగును నమ్మొద్దు. ఒక పూట పాలు తీయకుండా ఆపితే ఏ పొదుగైనా బిగిసి నిగనిగలాడుతుంది.

మొదటి సాయంత్రం మీ ఎదుటే నాలుగు చన్నులూ చుక్క మిగలకుండా తీయించి, టైము రాసుకోండి. ఆ పాలు లెక్కలోకి రావు. మర్నాడు ఉదయం, మళ్ళీ సాయంత్రం అదే టైముకి వచ్చిన పాలు కలిపితేనే అసలు పాడి. చెంబుతో కొలిస్తే నురగ కూడా పాలకిందే పోతుంది, అందుకే ఖాళీ బకెట్ బరువు తీసేసి తూకం వేయండి. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండండి. తరకలు గానీ నెత్తుటి జీర గానీ కనిపిస్తే పొదుగువాపు అనుమానించాల్సిందే. పాలు తీశాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి. అప్పటికీ నిండుగానే ఉంటే అందులో ఉన్నది కండే.

పాలు తీసే వేళకు అరగంట ముందే పాకలో ఉండండి. దూడను వదిలాక రెండు మూడు నిమిషాల్లో గేదె చేపాలి, అంటే పాలు చన్నుల్లోకి దించాలి. పాలు దిగడానికి పొడిచే ఆక్సిటోసిన్ సూదికి అలవాటుపడినది దూడ కుడిచినా చేపదు. అలాంటి గేదెను ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. దూడ దానిదేనా అన్నదీ అప్పుడే తేలుతుంది: తన దూడైతే వాసన చూసి నాకుతుంది, పరాయిదైతే తన్నబోతుంది.

వయసు పళ్ళలో చూడాలి. ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, పాలపళ్ళు ఊడి పెద్దవి ఎనిమిదీ వచ్చేసరికి అయిదారేళ్ళు. ఎనిమిదీ అరిగి పొట్టిబడితే ముసలిదని అర్థం. రెండో, మూడో ఈతలో, ఈని రెండు వారాలు దాటిన గేదె మంచిది. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు గరిష్ఠానికి చేరతాయి కాబట్టి కొన్నాక ఇంకా పెరిగే అవకాశం ఉంటుంది. చూడిదని చెబితే పశువుల డాక్టరు చేత చెయ్యి పెట్టించి నిర్ధారించుకోవాలి.

డెల్టాలో అందరూ మరిచిపోయేది జలగ రోగం, అంటే జలగలాంటి పురుగు కడుపులో చేరి తెచ్చే జబ్బు. కాలవగట్ల మీద, వరి మడుల్లో ఉండే నత్తల వల్ల ఆ పురుగు గడ్డిమీదికి చేరి, గేదె కాలేయంలో స్థిరపడుతుంది. దవడ కింద వేళ్ళతో నొక్కండి. తడి పిండిముద్దలా మెత్తగా దిగబడి గుంట నిలిస్తే, కింది కనురెప్ప లోపల ఎర్రగా కాక పాలిపోయి ఉంటే, ఆ గేదె పాడి ఎక్కువ రోజులు నిలవదు. పిడికెడు తాజా పేడ డబ్బాలో వేసి పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. ఈసుకుపోయే (నెలలు నిండకుండానే దూడ పడిపోయే) రోగం, బ్రూసెల్లా, ఉందేమో రక్త పరీక్ష కూడా అక్కడే అడగండి. అది ఉన్న పశువు పచ్చిపాలతో ఆ రోగం మనుషులకూ సోకుతుంది.

బయానా తక్కువే ఇవ్వండి. కాగితం మీద గేదె చెవిపోగు (ట్యాగు) నంబరు 12 అంకెలూ, తూకంలో వచ్చిన పాలు, దూడ వివరం, ధర రాయించండి. బీమా ఉంటే పేరు మార్పించుకోండి. గేదెను ఎండ చల్లబడ్డాక బండి ఎక్కించి, అమ్మినవారి దగ్గర తింటున్న దాణా, ఎండుగడ్డి అయిదారు రోజులకు సరిపడా వెంట తెచ్చుకుని, మీ తవుడు, తెలగపిండి రోజుకు కాస్త చొప్పున కలుపుతూ మార్చండి. మొదటి మూడు నాలుగు రోజులు పాలు తగ్గడం మామూలే.