లైట్ బీరు కొనే ముందు సీసా వెనక్కి తిప్పి చూడండి

నల్లటి బీరు చూడగానే "అమ్మో, ఇది తలకెక్కుతుంది" అని పక్కన పెట్టేసి, బంగారు రంగులో మెరిసే సీసా తీసుకుని "మనకి లైటే చాలు" అనుకునేవాళ్లు నా స్నేహితుల్లో సగం మంది ఉంటారు. ఒకప్పుడు నేనూ అంతే. తీరా చూస్తే గిన్నిస్ డ్రాట్ అనే ఆ నల్లటి స్టౌట్‌లో ఆల్కహాల్ సుమారు 4.2 శాతమే, బెల్జియం వాళ్ల డ్యువెల్ అనే లేత బంగారు రంగు బీరులో మాత్రం 8.5 శాతం. రంగు అనేది మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, ఎంత వేయించారన్న దాన్ని బట్టి వస్తుంది. కొన్ని గింజలు మాడేదాకా వేయించి కలిపితే చాలు, మొత్తం నల్లబడిపోతుంది. కిక్కుకీ దానికీ సంబంధం లేదు.

మరి లేబుల్ మీద "లైట్" అని రాసి ఉంటేనో? అక్కడే అసలు తికమక. ఆ ఒక్క మాటకి చోటుని బట్టి అర్థం మారుతుంది. అమెరికన్ బ్రాండ్లలో లైట్ అంటే ముఖ్యంగా కేలరీలు తక్కువ అని. కెనడాలో 2.6 నుంచి 4 శాతం ఆల్కహాల్ ఉన్నదాన్ని లైట్ అంటారు, ఆస్ట్రేలియాలో అయితే మామూలుగా 3 శాతం లోపు ఉండేది. ఇంకొందరు రుచి పల్చగా ఉంటుందని చెప్పడానికి వాడతారు. కాబట్టి సీసా ముందువైపు ఉన్న బొమ్మనీ పేరునీ వదిలేసి వెనక్కి తిప్పండి. అక్కడ చూడాల్సినవి రెండే అంకెలు: ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం.

ఆ రెంటినీ గుణించి వందతో భాగిస్తే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది, దాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు. ఫోన్‌లో పది సెకన్ల పని. ఉదాహరణకి 5 శాతం ఉన్న మామూలు బీరు 330 మి.లీ. తీసుకుంటే 13 గ్రాములు. 4.2 శాతం ఉన్న లైట్ బీరు, కానీ 500 మి.లీ. క్యాన్ తీసుకుంటే 16.6 గ్రాములు. లైట్ తాగినవాడే ఎక్కువ తాగినట్టు! 650 మి.లీ. సీసా, 8 శాతం స్ట్రాంగ్ బీరు అయితే 41 గ్రాములు, అంటే ఆ మామూలు చిన్న సీసాలు మూడు ఒకేసారి తాగినట్టే, కానీ మన బుర్ర మాత్రం "ఒకటే కదా తాగాను" అంటుంది. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు కొన్ని పాత ఉదయాల తలనొప్పులకి కారణం తెలిసిపోయింది.

ఇప్పుడు కేలరీల సంగతి. పొట్ట తగ్గుతుందని లైట్ బీరుకి మారేవాళ్లు ఇది కాస్త నిదానంగా చదవండి. 1967లో జోసెఫ్ ఓవెడ్స్ అనే బయోకెమిస్టు న్యూయార్క్‌లోని రైన్‌గోల్డ్ కంపెనీలో ఒక డైట్ బీరు తయారు చేశాడు. మామూలు బీరులో ఈస్ట్ అనే సూక్ష్మజీవి తినలేని పెద్ద పిండిపదార్థాలు కొన్ని మిగిలిపోతాయి, ఆయన ఒక ఎంజైమ్ కలిపి వాటిని కూడా చక్కెరలుగా విడగొట్టాడు, ఈస్ట్ వాటినీ తినేసింది, అలా కార్బోహైడ్రేట్లు బాగా తగ్గాయి. ఆ డైట్ బీరుని జనం పెద్దగా పట్టించుకోలేదు గానీ 1975లో మిల్లర్ లైట్ అమెరికా అంతటా వచ్చాక కథ మారిపోయింది. ఇక్కడ కిటుకేంటంటే, ఈస్ట్ ఆ చక్కెరని మాయం చేయదు, ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ ఆల్కహాల్‌కి గ్రాముకి 7 కేలరీలు, కార్బోహైడ్రేట్‌కి 4. అందుకే చివర్లో నీళ్లు కలిపి పల్చన చేస్తారు.

మిషెలాబ్ అల్ట్రా అనే అమెరికన్ లైట్ బీరుకి 355 మి.లీ.కి 95 కేలరీలు, కార్బ్స్ 2.6 గ్రాములు. చూడటానికి బాగుంది. అందులో 4.2 శాతం ఆల్కహాల్ అంటే సుమారు 11.8 గ్రాములు, ఏడుతో గుణిస్తే 82 కేలరీలు దానివే. అంటే "లో కార్బ్" అని పెద్ద అక్షరాలతో గొప్పగా చెప్పేదంతా మిగిలిన ఆ పదమూడు కేలరీల గురించి! అదే సైజులో మామూలు బడ్వైజర్‌కి 145 దాకా ఉంటాయి, గిన్నిస్‌కి దాదాపు 125. తేడా ఉంది, కాదనను, కానీ లైట్ కదా అని ఒకటి తాగేచోట రెండు తాగితే ఆ తేడా కాస్తా ఎగిరిపోయి ఇంకా ఎదురు పడుతుంది. కేలరీలు నిజంగా తగ్గాలంటే శాతం తక్కువున్నదో సైజు చిన్నదో తీసుకోవాలి, వేరే దారి లేదు.

రుచికొస్తే, తేలికపాటి బీర్లన్నీ ఒకటే అనుకోకండి. లాగర్ అంటే చల్లటి చోట నిదానంగా పులియబెట్టిన బీరు. అమెరికన్ తరహా లైట్ లాగర్ చేదు చాలా తక్కువ, గ్యాస్ ఎక్కువ, వాసన దాదాపు ఉండదు, చల్లగా ఉన్నంతసేపే బాగుంటుంది. నాకైతే అది గొంతు తడుపుకోవడానికే, ఆస్వాదించడానికి కాదు. పిల్స్‌నర్ కూడా లాగరే, కానీ హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) చేదు గట్టిగా తగులుతుంది. చెక్ పట్టణం ప్లజెన్‌లో 1842లో మొదలైన పిల్స్‌నర్ ఉర్క్వెల్ 4.4 శాతమే, అయినా నోట్లో నిండుగా అనిపిస్తుంది. తక్కువ ఆల్కహాల్, ఎక్కువ రుచి కావాలనేవాళ్లకి నేను చెప్పే మొదటి పేరు అదే. చేదు పడనివాళ్లు గోధుమ బీరు చూడండి. జర్మన్ తరహావి అరటిపండు, లవంగం వాసన వేస్తాయి, అందులో అరటీ లేదు లవంగమూ లేదు, అదంతా ఈస్ట్ పనే. కాకపోతే అవి 5 శాతం దాటుతుంటాయి, చూసుకోండి. కొలోన్ నగరం వాళ్ల కోల్ష్ ఈ రెంటికీ మధ్యస్తంగా ఉంటుంది. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే హాప్స్ ఎక్కువున్న బీరు) జోలికి వెళ్లేవాళ్లు "సెషన్" అన్న మాట వెతకండి, అది ఉంటే శాతం తక్కువుంటుంది, మామూలు ఐపీఏ 6, 7 శాతం సులువుగా ఉంటుంది. లేబుల్ మీద ఐబీయూ అని అంకె కనబడితే అది చేదు కొలత: లైట్ లాగర్‌కి 8 నుంచి 12, పిల్స్‌నర్‌కి 25 నుంచి 40, ఐపీఏకి 40 పైన. మీకు చేదు ఇష్టమో కాదో తెలియకపోతే 20 దగ్గర మొదలుపెట్టండి.

ఇంకో పని, తారీఖు చూడటం. బీరు వైన్ లాంటిది కాదు, మగ్గేకొద్దీ బాగుపడేవి ఏవో కొన్ని ఘాటైనవి తప్ప మిగతావన్నీ తాజాగా ఉంటేనే రుచి. హాప్స్ ఎక్కువున్నవి మూడు నెలల్లోపు, మామూలు లాగర్లు ఆరు నెలల్లోపు అయితే మంచిది. పాతబడినదానికి తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. తారీఖు కంటే ఘోరమైంది వెలుగు. ఒకసారి నేను ఇంటికొచ్చే స్నేహితుల కోసం ఆకుపచ్చ సీసాలు తెచ్చి, ఫ్రిజ్‌లో చోటు లేక కిటికీ పక్కన పెట్టి మర్చిపోయాను, మధ్యాహ్నమంతా ఎండ పడింది. సాయంత్రం చల్లబరిచి మూత తీయగానే మంచి బీరు వాసన బదులు ముక్కు మూసుకునే ఉల్లిపాయ కంపు. హాప్స్‌లోని చేదు పదార్థం మీద వెలుగు పడితే గంధకం ఉన్న ఒక రసాయనం పుడుతుంది, అది చుక్క ఉన్నా ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఈ వెలుగుని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతంతమాత్రం, తెల్ల సీసా అసలు ఆపదు. అందుకే నేనిప్పుడు వీలైతే క్యాన్ తీసుకుంటాను, లేదా అరలో ట్యూబులైటు పడని వెనక వరుసలోంచి లాగుతాను. షాపువాళ్లు ఒక చూపు చూస్తారు, పర్లేదు.

గ్లాసు గురించి ఒక్క మాట. బీరు పోశాక లోపలి గోడకి బుడగలు అతుక్కుని కనిపిస్తే గ్లాసుకి జిడ్డో సబ్బో ఉన్నట్టు, నురగ కూడా నిలవదు. మరీ మంచుగడ్డలా చల్లబరిస్తే లైట్ లాగర్‌కి నష్టం లేదు (దాచుకోవాల్సిన రుచి పెద్దగా లేదు కాబట్టి!) కానీ లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే స్టౌట్, ఐపీఏ లాంటి ఏల్స్‌కి 8 నుంచి 12 డిగ్రీలు ఉంటేనే వాసన బయటికొస్తుంది.

బీరు పడని వాళ్ల సంగతికొద్దాం. హార్డ్ సెల్ట్‌జర్లు అని సోడాలో ఆల్కహాలూ పళ్ల వాసనా కలిపి అమ్మేవి ఉన్నాయి, ఎక్కువశాతం 5 శాతం, 355 మి.లీ.కి 100 కేలరీలు. అంటే లైట్ బీరుకి అటూ ఇటూగా అంతే. నీళ్లలా దిగిపోతాయి, ప్రమాదం కూడా అదే.

వైన్‌లో 12 నుంచి 14 శాతం మామూలు. 750 మి.లీ. సీసాకి 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు, ఒక్కో గ్లాసులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్. ఇంట్లో పోసుకునేటప్పుడు 150 అంటే ఎంతో ఒకసారి కొలిచి చూడండి, పెద్ద గ్లాసులో అది అడుగున కాస్త కనిపిస్తుంది, మనం మామూలుగా పోసుకునేది 220 దాకా ఉంటుంది. బుడగలొచ్చే స్పార్క్లింగ్ వైన్లలో ఒక ఉచ్చు ఉంది: "ఎక్స్‌ట్రా డ్రై" అంటే ఇంకా తీపి తక్కువ అనుకుంటాం, కానీ అందులో లీటరుకి 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది, "బ్రూట్" అంటే 12 లోపు. తీపి వద్దంటే బ్రూట్, ఇంకా తక్కువ కావాలంటే ఎక్స్‌ట్రా బ్రూట్. ఎవరు పెట్టారో ఈ పేర్లు.

విస్కీ, రమ్ము, జిన్ను, వోడ్కా లాంటివి చాలావరకు 40 శాతం చుట్టూనే. 30 మి.లీ. పెగ్గులో 9.5 గ్రాములు, 60 అయితే 19. ఇందులో ఆల్కహాల్ తక్కువున్న లైట్ అనేది దాదాపు ఉండదు, తెల్లగా ఉంది కదా అని వోడ్కా తేలికా కాదు. స్కాచ్ సీసా మీద 12 అని ఉంటే అందులో కలిపిన వాటన్నిటిలోకీ చిన్నది 12 ఏళ్లది అని అర్థం, చట్టప్రకారం కనీసం మూడేళ్లు చెక్క పీపాలో ఉండాలి. వయసు పెరిగితే రుచి మారుతుంది, మీకు నచ్చుతుందని గ్యారంటీ లేదు. టకీలా కొంటే "100 శాతం అగావే" (టకీలా తయారయ్యే మొక్క పేరు) అని ఉందేమో చూడండి, లేకపోతే సగం దాకా వేరే చక్కెరలతో చేసినది కావచ్చు.

వీటిలో అసలు తేడా తెచ్చేది కలుపుకునేది. కోలా 100 మి.లీ.లో 10 గ్రాములకు పైగా చక్కెర. టానిక్ వాటర్ చేదుగా ఉంది కదా అని సోడా అనుకుంటారు, మామూలు టానిక్‌లో కూడా చక్కెర బాగానే ఉంటుంది. కేలరీలే సమస్య అయితే సోడా, కాస్త నిమ్మరసం చాలు. డైట్ కోలాతో ఒక మెలిక ఉంది: చక్కెర ఉన్న డ్రింకు కడుపులో కాస్త ఆగుతుంది, డైట్‌ది త్వరగా పేగుల్లోకి జారిపోతుంది కాబట్టి ఆల్కహాల్ కూడా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. అదే పెగ్గు, అదే సైజు, అయినా తల ముందే తిరుగుతుంది.

అసలు తాగకూడని వేళలూ ఉన్నాయి: బండి నడపాల్సి ఉంటే, గర్భంతో ఉంటే, నిద్రమాత్రలు గానీ మెట్రోనిడజోల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్ మందులు గానీ వాడుతుంటే. అలాంటప్పుడు ఆల్కహాల్ లేని బీరు తీసుకునేవాళ్లు అక్కడ కూడా అంకె చూడండి, "నాన్ ఆల్కహాలిక్" అన్నవాటిలో చాలా చోట్ల 0.5 శాతం దాకా ఉండొచ్చు, పూర్తిగా వద్దంటే 0.0 అని రాసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఎంత తక్కువైనా సురక్షితం అనలేమని చెప్పేసింది, అది తెలిసే తాగుతున్నాం కాబట్టి లెక్కన్నా సరిగ్గా ఉండాలి. లివరు గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తుంది. కాఫీ తాగినా, నెత్తిన చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం మారదు.

ఇక మీకేది నచ్చుతుందో తేల్చుకోవడానికి నేను చేసిన పని చెప్తాను. ఒకేరకం పెద్ద డబ్బా కొనకుండా వేరువేరు చిన్న క్యాన్లు మూడు కొని, వాటికి న్యూస్‌పేపరు చుట్టి, తాగని ఒక స్నేహితుడితో మూడు గ్లాసుల్లో రెండేసి గుటకలు పోయించాను. ముందు తక్కువ చేదుది, చివర ఎక్కువ చేదుది, మధ్యలో నీళ్లు. తిరగేస్తే చేదు నాలుక మీద ఉండిపోయి తర్వాతది నీళ్లలా అనిపిస్తుంది. నేను ఏళ్ల తరబడి "నా బ్రాండు" అని చెప్పుకున్నదే ఆ రోజు మూడో స్థానంలో వచ్చింది, పేపరు విప్పాక వాడు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. మొదటి స్థానంలో వచ్చింది ఏంటంటే, నేను అప్పటిదాకా నల్లగా ఉందని ముట్టుకోని స్టౌట్.